కాస్త సర్దుకుంటారా?

తిరుమల కొండెక్కిన కుటుంబం దర్శనం మాట తర్వాత, ముందు అడిగేది "అకామడేషన్ దొరికిందా?" అనే. పెళ్ళికి బయల్దేరేవాళ్ళదీ అదే ప్రశ్న. మనకు ఆ మాటంటే గది, మంచం, వేన్నీళ్ళు. కానీ దాని పుట్టుక వేరు. లాటిన్‌లో 'మోడస్' అంటే కొలత. ఒకదాని కొలతకు మరొకదాన్ని సరిపెట్టడమే ఆ మాటకు తొలి అర్థం. ఆ అర్థాన్ని పట్టుకుని ఒక్కో శాస్త్రం ఒక్కో దారిన పోయింది. ఏ దారిన పోయినా, ఎవరి కోసం ఎవరు జరుగుతున్నారన్నదే నాకు ఆసక్తి.

కంటి డాక్టరు దగ్గర జరిగేది కంటిలోని కటకం. దూరాన కొబ్బరిచెట్టును చూస్తున్న చూపు చేతిలోని పేపరు మీదికి దిగగానే కటకం చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. అది బిగిస్తే కటకాన్ని లాగిపట్టిన సన్నని పోగులు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది, అక్షరం స్పష్టమవుతుంది. ఈ తిరకాసును 1855లో విప్పి చెప్పినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్. అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1801లో, ఇంగ్లండులో థామస్ యంగ్ నీళ్ళు నింపిన చిన్న గొట్టాన్ని తన కంటికే ఆనించుకుని పరీక్షించాడు. నీరు తగిలితే కంటి ముందుపొర కాంతిని వంచే పని దాదాపు ఆగిపోతుంది. అయినా ఆయన చూపు దగ్గరికీ దూరానికీ సర్దుకుంటూనే ఉంది. అంటే మారేది ఆ పొర కాదు, లోపలి కటకం.

వయసుతోపాటు ఆ కటకం గట్టిపడుతుంది. పదేళ్ళ పిల్ల పుస్తకాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని చదివేస్తుంది. నలభై దాటిన నాన్న అదే పుస్తకాన్ని చేయి చాచి పట్టుకుంటాడు. ఆ వయసును మనవాళ్ళు ఆ ఇబ్బంది పేరులోనే పెట్టారు: చత్వారం. సంస్కృతంలో నలభై 'చత్వారింశత్'. ఇంత కచ్చితమైన పేరు ఉన్నందుకు నాకు మన భాష మీద మరింత ముచ్చట. చేపలకు ఈ బాధ లేదు. వాటి కటకం ఆకారం మార్చుకోదు, కెమెరా లెన్సులా ముందుకూ వెనక్కూ కదులుతుంది. పులుసులో ఉడికిన చేప తలలో తెల్లని గోళీలా కనిపించేది ఆ కటకమే.

నేల పొరలు చదివేవాళ్ళు అకామడేషన్ అనేది ఒండ్రు పడడానికి ఉన్న చోటును. నది ఎంత మట్టి మోసుకొచ్చినా దించుకోవడానికి స్థలం ఉండాలి కదా. నేల కుంగితే చోటు వస్తుంది, సముద్రమట్టం పెరిగినా వస్తుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో నేల కోట్ల ఏళ్ళుగా కుంగుతూ వచ్చింది. నదులు నింపుతూ వచ్చాయి. కోనసీమ కింద ఆ పొరలు కిలోమీటర్ల మందాన ఉన్నాయి, చమురు, గ్యాసు బావులు దిగేది వాటిలోకే. వచ్చే ఒండ్రు చోటుకంటే ఎక్కువైతే డెల్టా సముద్రంలోకి పెరుగుతుంది. ఒండ్రు తగ్గి చోటు మిగిలితే సముద్రమే లోపలికి వస్తుంది. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతుంటే మన రెండు డెల్టాల గురించి భయపడాల్సింది ఇందుకే.

వ్యాపారంలో అకామడేషన్ బిల్లు అంటే సరుకూ సొమ్మూ చేతులు మారకుండానే, స్నేహితుడికి అప్పు పుట్టడానికి పెట్టే సంతకం. ఇంగ్లండులో దానికి 'గాలిపటం' అని మారుపేరు. ఇక రిజర్వు బ్యాంకు 2022లో 'విత్‌డ్రాయల్ ఆఫ్ అకామడేషన్' అన్నప్పుడు వెనక్కి తీసుకున్నది, కరోనా కాలంలో చవకగా అందించిన డబ్బును. 2020 మేలో 4 శాతంగా ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఆ ఒక్క మాట ఇంటి లోన్ల కిస్తీల దాకా వచ్చింది.

పసివాడు ఆవును 'అంబా' అని నేర్చుకుని గేదెనూ మేకనూ అదే పేరుతో పిలుస్తాడు. కొన్నాళ్ళకు ఆ పేరు చాలదని తెలిసి, బుర్రలో కొత్త గది కట్టుకుంటాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే దానికి పెట్టిన పేరూ అకామడేషనే.

మాటలో సర్దుబాటు ఇంకా రుచికరం. శ్రీకాకుళం కుర్రాడు హైదరాబాద్ హాస్టల్లో స్నేహితులతో "ఏంది" అంటాడు. అమ్మ ఫోన్ ఎత్తగానే "ఏటి" అనేస్తాడు. ఎదుటివారి యాసకు మనం దగ్గరవడం, ఒక్కోసారి కావాలని దూరమవడం గురించి 1970లలో హోవర్డ్ జైల్స్ అనే పండితుడు సిద్ధాంతం కట్టాడు. ఆయన, సహచరుడు బూరీ 1977లో ప్రచురించిన ప్రయోగంలో, వేల్స్ భాష నేర్చుకుంటున్నవారిని ఒక ఆంగ్లేయ గొంతు "చచ్చిపోతున్న భాష ఎందుకు?" అన్న ధోరణిలో అడిగింది. జవాబుల్లో వాళ్ళ వేల్స్ యాస మరింత చిక్కబడింది. అవమానించిన గొంతుకు ఎవరూ దగ్గర జరగరు.

1606లో మదురై చేరిన ఇటలీ పాదిరి రాబర్టో డి నోబిలి సన్న్యాసి వేషం వేసి, శాకాహారం పట్టి, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. అప్పటి మదురై నాయక రాజులది తెలుగే మరి. ఇలాంటి మత ప్రచార పద్ధతినీ చరిత్రకారులు అకామడేషన్ అంటారు.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరిది చట్టంలోని అర్థం. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 'రీజనబుల్ అకామడేషన్' ఉంది: అవసరమైన మనిషికి తగ్గట్టు సంస్థే తన పద్ధతి మార్చుకోవాలి, మార్చుకోకపోతే అది వివక్ష. మన ఇళ్ళలో "సర్దుకుపో" అని ఎప్పుడూ బలహీనుడికే చెబుతాం. చట్టం ఆ మాటను బలమున్నవాడి వైపు తిప్పింది. చేయి వంకర్లుపోయి కలం నిలవని ఒక సివిల్స్ అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదని, పరీక్షలో రాసిపెట్టే సహాయకుణ్ణి ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ శాతంతో పని లేదని, సహాయకుడు అతని హక్కని చెప్పింది.

రైల్వే సంగతి చివరిది. వెయిటింగ్ లిస్టులో చిక్కుకున్నవారికి వేరే బండిలో బెర్తు చూపే 'వికల్ప్' పథకం 2015లో మొదలైంది. దాని అసలు పేరు ఆల్టర్నేట్ ట్రైన్ అకామడేషన్ స్కీమ్. కానీ పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బండికే ఆ పేరుండేది. ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగి, పాల క్యాన్ల వాళ్ళనూ బడిపిల్లలనూ ఎక్కించుకుపోయే నెమ్మది రైలును అక్కడ 'అకామడేషన్ ట్రెయిన్' అనేవారు. మన ప్యాసింజరు బండి!