రాతిక్వారీ నుంచి పూలతోటకు

మూరెడు పొడవున్న ఇంజన్ని పట్టాల మీద కూర్చోబెట్టి, బాయిలర్లో డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. సిలిండర్లు అరిగిపోకుండా ఆవిరితో కలిసి వెళ్ళేందుకు కాస్త చిక్కటి నూనె పోస్తారు. గ్యాస్ బర్నరు వెలిగించాక ఓపిక పట్టాలి. ప్రెషర్ గేజి ముల్లు మెల్లగా లేస్తుంది. రెగ్యులేటర్ తిప్పగానే పొగగొట్టంలోంచి ముందు వేడినీళ్ళు చిమ్ముతాయి. చల్లటి సిలిండర్లో ఆవిరి నీరైపోయి పేరుకున్న ఫలితం అది. సిలిండర్ వేడెక్కాకే ఛుక్‌ఛుక్ మొదలవుతుంది. ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో గార్డెన్ రైల్వే క్లబ్బులవాళ్ళు సెలవురోజున ఎవరో ఒకరి పెరట్లో చేరేది ఈ చప్పుడు కోసమే.

బల్ల మీద తిరిగే బొమ్మరైలు ఆ పెరట్లో నిలవదు. అసలు ఇంజన్ బరువు 12 టన్నులనుకుందాం. బల్లమీది రైళ్ళలో బాగా వాడుకలో ఉన్న కొలత 87వ వంతు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87 రెట్లు తగ్గితే బరువు ఆరున్నర లక్షల రెట్లు తగ్గుతుంది. మిగిలేది 18 గ్రాములు! ఎంత అదనపు బరువు కూరినా అది తేలికే. అదే 22.5వ వంతుకు తగ్గిస్తే కిలో పైచిలుకు తూగుతుంది. తోటలో ఈ బరువు కావాలి. ఎందుకంటే రైలు తగ్గినంత మాత్రాన వానచినుకు తగ్గదు, ఎండుటాకు తగ్గదు, రాత్రికి రాత్రి పట్టాల కింద చీమలు తోడిపోసే మట్టీ తగ్గదు.

నిప్పూ అంతే. బాయిలర్ చిన్నదయ్యేకొద్దీ లోపలి నీళ్ళతో పోలిస్తే పైరేకు వాటా పెరుగుతుంది, వేడి ఆ రేకులోంచే జారిపోతుంది. పెద్ద గంగాళంలో కన్నా చిన్న గ్లాసులో కాఫీ ఎందుకు తొందరగా చల్లారుతుందో అదే సూత్రం.

22.5 అనే వింత అంకె వెనక ఒక బొమ్మల కంపెనీ ఉంది. నూరెంబర్గులోని లేమాన్ సంస్థ 1968లో ఎల్‌జీబీ పేరుతో పెద్ద బొమ్మరైళ్ళు తెచ్చింది. పట్టాల మధ్య ఎడం 45 మిల్లీమీటర్లు. మీటర్‌గేజిని ఆ ఎడానికి కుదిస్తే సుమారు 22.5 వస్తుంది. పట్టాలు ఇత్తడివి, వానకు తుప్పు పట్టవు. కానీ ఇత్తడి ఎండకు ఉక్కుకన్నా ఎక్కువ సాగుతుంది. పది మీటర్ల వరసలో 30 డిగ్రీల వేడి పెరిగితే అర సెంటీమీటరు పైనే. మన రోహిణికార్తె ఎండల్లో అతుకుల దగ్గర సందు వదలకపోతే పట్టా పాములా మెలికలు తిరుగుతుంది.

ఇంగ్లండువాళ్ళ కొలత ఇంకోటి. అడుగుకు 16 మిల్లీమీటర్లు, అంటే 19వ వంతు. ఆ లెక్కన 32 మిల్లీమీటర్ల పట్టా అచ్చంగా రెండడుగుల గేజి. రెండడుగుల గేజి దేనికి? వేల్స్ కొండల్లో పలకరాయి తవ్వి రేవుకు చేరవేసిన క్వారీ రైళ్ళకి. 1874లో డర్బీషైర్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ తన ఇంటి ఆవరణలోనే 15 అంగుళాల గేజి రైలు వేశాడు. అది ఆటకోసం కాదు, అంత సన్నటి దారి మీద కూడా పెద్ద పెద్ద ఎస్టేట్ల సరుకు మోయించవచ్చని చూపడానికి. తోటరైలుకి మూలపురుషుడు ప్రయాణికుల బండి కాదు, బరువులు మోసిన బండి. నన్ను ఈ విషయంలోకి లాగింది ఈ సంగతే. ఎందుకంటే మా గోదావరి తొలి రైలూ అలాంటిదే.

బొంబాయి నుంచి ఠాణాకు ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్ 16న. అంతకు ముందే, 1840లలో, ధవళేశ్వరంలో పట్టాలున్నాయి. ఆనకట్ట కట్టడానికి రాయి కావాలి, రాయి పక్కనే కొండలో ఉంది, దాన్ని నదిదాకా తేవాలి. మట్టిబాటలో చక్రం ప్రతి అంగుళానికీ తన గుంటలోంచి తానే ఎక్కాలి. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దాదాపు దిగబడదు. చదును నేల మీద టన్ను బరువును నాలుగైదు కిలోల లాగుడుతో కదిలించవచ్చు. బాటమీదైతే అందుకు పదింతలు కావాలి. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కి ఇది కొత్త కాదు. మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో 1837లోనే రోడ్లకు రాయి తోలే రైలు వేయించిన చేయి ఆయనది. 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట పూర్తయింది, పట్టాలతో పనీ తీరిపోయింది. ఆ తర్వాత కాటన్ దొర రైళ్ళకన్నా కాలువలే ఈ దేశానికి మేలని వాదించాడు. కాలువ సరుకూ మోస్తుంది, పొలమూ తడుపుతుంది అన్నది ఆయన లెక్క. డెల్టా అన్నం తిన్నవాణ్ణి, ఆ లెక్క తప్పనలేను. అయినా ఆ కాలువల్లోకి నీళ్ళెక్కించిన ఆనకట్టకి రాయి అందించింది రైలే కదా. దొర విగ్రహం ఊరూరా ఉంది, ఆ రైలుకి మాత్రం చిన్న బొమ్మ కూడా నేను చూడలేదు.

కడియం నర్సరీల మీదుగా వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ఆ రైలు బొమ్మకి దారి వెతుకుతాయి. తోటరైలు వేసేవాళ్ళకి పట్టాలకన్నా పెద్ద తంటా చెట్లతోనే. 19వ వంతు రైలు పక్కన మామూలు మందారం నిలబెడితే ఆకు బండికన్నా వెడల్పుగా కనబడుతుంది. చిన్నాకు మొక్కలు వెతకాలి, కత్తిరిస్తూ ఉండాలి. తొట్టిలో మర్రిని జానెడెత్తున ఆపి ముసలిచెట్టు చేసే చేతులు కడియపులంకలో ఉన్నాయి.

ఆనకట్ట గోడ సుమారు 12,000 అడుగులు. 19తో భాగిస్తే 630 అడుగులు వస్తుంది. రెండు కొబ్బరితోటల గట్టంత పొడవు. దాని పక్కన పిడికెడు రాళ్ళు నింపుకున్న తొట్టిబండ్లు నాలుగు, ముందు ఈలవేసే ఇంజన్ ఒకటి.