దిబ్బ మీది బంగారం... తంగేడు

పెత్రమాసకి ముందురోజు కూరగాయలకని బజారుకెళ్లాను. మూలమీద ఒక పెద్దామె గోనెపట్టా పరిచి తంగేడు పూలు కట్టలుగా కట్టి అమ్ముతోంది. పిడికిట్లో పట్టేంత కట్ట ఇరవై రూపాయలట. "తంగేడు పూలకు గూడ పైసలా అవ్వా?" అన్నాను ఉండబట్టలేక. ఆమె నవ్వింది. "ఏం జెయ్యాలె బిడ్డా! తెల్లారక ముందే లేసి ఆటో కట్టుకొని పోయి తెంపుకొచ్చినం. ఊరి దగ్గర యాడున్నయి? అన్నీ ప్లాట్లే" అంది.

నిజమే! మా చిన్నప్పుడు తంగేడు పువ్వుకు వెల కట్టొచ్చని ఎవరైనా అంటే నవ్వేవాళ్లం. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. చెరువు కట్ట మీద, బీడు భూముల్లో, చేను గట్ల మీద వాన వెలిసేసరికి పచ్చగా నవ్వుతూ నిలబడేది. పూల కోసం పోయిన పిల్లలం సంచులు నింపుకుని, చాలక లంగా ఒళ్లో కూడా పోసుకుని వచ్చేవాళ్లం.

చెవులున్న చెట్టు

కంది, పెసర, చిక్కుడు ఏ కుటుంబానివో తంగేడూ ఆ కుటుంబానిదే. మనిషెత్తు పెరిగే పొద. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కేసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని అర్థం. ఆకు కాడ మొదట్లో చూడండి, చిన్న చిన్న చెవుల్లాంటి రెక్కలు కనిపిస్తాయి. ఈ గుర్తు మరిచిపోకండి, తర్వాత పనికొస్తుంది.

సంస్కృతంలో ఆవర్తకి, తమిళంలో ఆవారం. తమిళనాట సంక్రాంతికి వేపాకు, కొండపిండితో పాటు ఈ పూలకొమ్మను కలిపి ఇంటి చూరుకు కడతారు. శ్రీలంకలో దీన్ని రణవరా అంటారు. ఎండబెట్టిన పూలనో, ఆకులనో మరిగించి టీలా తాగుతారు. ఇంగ్లీషువాళ్లు దానికి 'మాతర టీ' అని పేరు పెట్టారు. మాతర అక్కడి ఒక ఊరు.

ఇక మన బతుకమ్మ సంగతి చెప్పక్కర్లేదు. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు పేర్చి, పైన రంగులద్దిన గునుగు, బంతి, కట్ల పూలు... ఎన్ని పూలున్నా తంగేడు లేకపోతే బతుకమ్మ నిండుగా అనిపించదు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. దిబ్బల మీది పువ్వుకు దక్కిన గౌరవం అది!

తోలుకు ప్రాణం పోసిన చెక్క

పూల సంగతి అందరికీ తెలుసు. బెరడు సంగతి ఈ తరానికి అంతగా తెలియదు. తంగేడు చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం బాగా ఉంటుంది. అది పచ్చితోలులోని మాంసకృత్తులను పట్టుకుని బిగిస్తుంది. దాంతో తోలు కుళ్లదు, నీటికి చెడదు. ఊళ్లలో మాదిగ కుటుంబాల వాళ్లు లందల్లో ఈ చెక్క నానబోసి తోళ్లు ఊనేవారు. రైతు కాలికి చెప్పు, బావిలో మోటకు తోలుబొక్కెన అట్లా తయారైనవే. ఒకప్పుడు మద్రాసు వైపు తోలు వ్యాపారమంతా ఈ చెక్క మీదే నడిచింది. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క రావడం, ఆ తర్వాత క్రోమ్ రసాయనాలు రావడంతో తంగేడు వెనకబడింది.

పుల్లతో పళ్లు తోముకునేవాళ్లు. రొట్టను వరిమళ్లలో తొక్కి ఎరువు చేసేవాళ్లు. ఇలా చెప్పుకుంటూ పోతే ఈ పొదలో వృథా పోయేది లేదు.

అత్తమ్మ కషాయం

ఇంత మంచి చెట్టుతోనే మా ఇంట్లో ఒక ముప్పు తప్పిపోయింది. అది చెప్పడానికే అసలు కలం పట్టాను.

మా అత్తమ్మకు పన్నెండేళ్లుగా షుగరు. ఎవరో చుట్టాలామె వచ్చి, తంగేడు పూల పొడి పొద్దున్నే మరిగించి తాగితే షుగరు దగ్గరికి రాదని చెప్పింది. పొట్లం కూడా చేతిలో పెట్టి వెళ్లింది. ఇంటి చుట్టూ పెరిగిన పువ్వు, అమ్మవారి పువ్వు, చెడు చేస్తుందా అనుకున్నాను నేనూ. రోజూ నేనే కాచి ఇచ్చాను. కానీ అత్తమ్మ మాకు చెప్పకుండా మాత్రలు మానేసిన సంగతి నాకు తెలియదు.

మూడో నెలలో కాలి బొటనవేలి పక్కన చిన్న పొక్కు లేచింది. చెప్పు కరిచిందనుకున్నాం. పదిహేను రోజులైనా మానలేదు. ఆస్పత్రిలో చూస్తే పరగడుపునే షుగరు మూడు వందలు దాటింది! "ఇంకో వారం ఆగితే వేలు తీసెయ్యాల్సి వచ్చేదమ్మా" అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చాక అత్తమ్మ మెల్లగా, "గా గోలీలు ఎన్నేండ్లని మింగాలె బిడ్డా? పువ్వే కదా అనుకున్న" అంది. ఆమెను ఏమనగలను? కాచి ఇచ్చింది నేనే కదా!

ఆ తర్వాత దొరికినంతా చదివాను. తంగేడు పూల సారం మధుమేహం ఉన్న ఎలుకల్లో చక్కెర తగ్గించిందని 2002లో అన్నామలై విశ్వవిద్యాలయం పరిశోధకులు రాశారు. కాబట్టి పెద్దల మాట ఉత్తది కాదు. కానీ ఎలుకల్లో పనిచేసిందంటే మనిషి మాత్ర మానెయ్యొచ్చని కాదు. పైగా మాత్రకు తోడు ఇదీ పనిచేస్తే షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మూర్ఛకు వాడే ఒక మందుతో పాటు ఈ టీ ఇస్తే ఎలుకల రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిందని 2004లో శ్రీలంక శాస్త్రవేత్తలు చూశారు. కాలేయానికి కీడు చేసే పదార్థాలు ఇందులో ఉన్నాయని అక్కడివాళ్లే 1981లో హెచ్చరించారు. అందుకే ఏ జబ్బుకైనా మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు డాక్టరును అడగకుండా ఈ కషాయం జోలికి పోవద్దు.

పసుపు పూలన్నీ తంగేడు కాదు

ఇంకో జాగ్రత్త. నేలతంగేడు అంటే తంగేడే అనుకునేవారున్నారు. అది సునాముఖి. విరేచనాలకు వాడే ఆకు. కడుపు కట్టడానికి ఒకటి, కదలడానికి ఇంకొకటి! కసివిందకూ పసుపు పూలే పూస్తాయి. దాని కాయలు, గింజలు తిని పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఎందరో పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారని అక్కడి వైద్యులు 2007లో తేల్చారు. కసివింద ఆకులు పెద్దవి, కొసదేలి ఉంటాయి, నలిపితే చెడు వాసన వేస్తుంది. తంగేడు ఆకులు చిన్నవి, కొస గుండ్రంగా, ఒక రెమ్మకు ఎనిమిది నుంచి పన్నెండు జతలు ఉంటాయి. కాయ కాగితంలా పలచగా ఉంటుంది. పైగా ఆ చెవులు ఉండనే ఉన్నాయి!

ఒంటికి మాత్రం హాయిగా...

కడుపులోకి భయమైతే ఒంటికి వాడుకోండి. మా అమ్మ చేసే సున్నిపిండి ఇది. పెసలు అర కిలో, నీడలో ఎండిన తంగేడు పూరేకులు నాలుగు గుప్పిళ్లు, కచ్చూరాలు యాభై గ్రాములు, కస్తూరి పసుపు కొమ్ములు రెండు. అన్నీ ఎండబెట్టి మర పట్టించి, జల్లించి గాజు సీసాలో పోసుకోవాలి. కొత్తగా వాడేవాళ్లు ముందు మోచేతి దగ్గర రాసి ఒకరోజు చూసుకోండి. రోడ్డు పక్క దుమ్ము పట్టిన పూలు, మందు కొట్టిన చేల గట్ల పూలు వద్దు.

మళ్లీ పూయిద్దాం

తంగేడు గింజ తోలు గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, ఉబ్బిన గింజలను తొలకరిలో నాటాను. ప్రహరీ బయట మూలకు వేసిన పది గింజల్లో నాలుగు మొలిచాయి. మొదటి ఏడు కాస్త నీళ్లు పోశాను. ఆ తర్వాత వాటి బతుకు అవే బతుకుతున్నాయి. పొద్దున్నే నల్ల తుమ్మెదలు ఝుమ్మంటూ వచ్చి పూలను ఊపేస్తుంటాయి. ఆ అదురుకే పుప్పొడి రాలుతుందట! పూలకోసం కొమ్మ విరవకుండా పైపైన తుంచుకుంటే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కొన్ని పూలు కాయలకు వదిలేస్తే వచ్చే ఏటికి విత్తనమూ దొరుకుతుంది.

మొన్న సద్దుల బతుకమ్మకు ఆ నాలుగు పొదల పూలే పేర్చుకున్నాం. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఒక్కో పువ్వూ అందించింది. బతుకమ్మను ఎత్తుకుని బయల్దేరబోతుంటే, "జరాగు, నా గోలీ ఏసుకొని నేనూ వస్త" అని లోపలికి నడిచింది, పది వేళ్లున్న కాళ్లతో!