గుడ్డా? బిడ్డా?

వెలుగు సోకని గుహలలో, చల్లని నీళ్ళలో జీవితమంతా గడిపే ప్రాణి గుడ్డు పెడుతుందా, బిడ్డను కంటుందా? ఐరోపా శాస్త్రజ్ఞులను చిరకాలం వేధించిన ప్రశ్న ఇది. ఆ ప్రాణి పేరు ఓల్మ్. చూపులేని, పాలిపోయిన చర్మంగల గుహ సాలమాండర్ అది. నీరు చల్లగా ఉంటే ఓల్మ్ పిల్లలనే కంటుందని 20వ శతాబ్ది ఆరంభంలో వియన్నా జీవశాస్త్రజ్ఞుడు పాల్ కామరర్ వాదించాడు. కాని ఫ్రాన్సులోని మూలీ భూగర్భ ప్రయోగశాలలో పెంచిన ఓల్మ్‌లు గుడ్లే పెట్టాయి. 2016లో స్లొవేనియాలోని పొస్తొయినా గుహలో, సందర్శకులు చూసే తొట్టెలోనే ఒక ఓల్మ్ 64 గుడ్లు పెట్టింది. వాటినుండి వచ్చిన పిల్లలలో 21 బతికాయి.

చలిప్రదేశపు సాలమాండర్లన్నీ గుడ్లే పెడతాయని అనుకోవడమూ పొరపాటే. ఆల్ప్స్ పర్వతాలలో నివసించే నల్లని సాలమాండర్ రెండు మూడేళ్ళు గర్భం మోసి పిల్లలను కంటుంది. ఒక జాతిని చూసి మరొక జాతి సంగతి చెప్పలేము.

భారతదేశంలో ఈ ప్రశ్న గుహలలో కాక మట్టి అడుగున దాగి ఉంది. కప్పలకూ సాలమాండర్లకూ దాయాదులైన సిసీలియన్లకు కాళ్ళు లేవు. చిన్నవి వానపాముల్లా, పెద్దవి పాముల్లా కనిపిస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎస్.డి. బిజు, ఆయన సహచరులు ఈశాన్య రాష్ట్రాలలో ఐదేళ్ళపాటు, దాదాపు 250 చోట్ల మట్టి తవ్వి వీటిని వెదికారు. ఫలితంగా 2012లో 'చికిలిడే' అనే కొత్త కుటుంబం లోకానికి పరిచయమయింది. గారో భాషలో ఈ ప్రాణిని చికిలా అంటారు. దీని దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలో ఉన్నాయి. రెండు శాఖలూ విడిపోయి 14 కోట్ల సంవత్సరాలు దాటిందని అంచనా.

చికిలా గుడ్లు పెడుతుంది. తల్లి వాటిని చుట్టుకొని, రెండు మూడు నెలలు ఆహారం ముట్టకుండా కాపలా కాస్తుంది. తోకకప్ప వంటి దశ లేకుండా, పెద్దవాటి రూపంలోనే పిల్లలు బయటికి వస్తాయి.

అయితే మన సిసీలియన్లన్నీ ఇంతేనా? కాదు. పశ్చిమ కనుమలలోని గెజినియోఫిస్ శేషాచారి అనే జాతి పిల్లలనే కంటుందని 2008లో వెల్లడయింది. పిల్లలను కనే సిసీలియన్ ఆసియాలో ఉన్నట్లు శాస్త్రలోకానికి తెలియడం అదే మొదలు. ఆ జాతి పేరులో నిలిచినది సిసీలియన్ల జీవకణాలను పరిశోధించిన బి.ఆర్. శేషాచార్. ఆయన ఒకప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగానికి అధిపతి.

గుడ్డుకు తేమగల మట్టి, కాపలా కాసే తల్లి కావాలి. గర్భస్థ శిశువుకు తల్లి శరీరమే మట్టి, తల్లి శరీరమే ఇల్లు. రెండు దారులలోనూ భారమంతా తల్లిదే.

ఈ తల్లినే జనం విషసర్పమనుకొని పారతో కొట్టి చంపుతారు. నిజానికి అది మనిషికి ఏ కీడూ చేయదు. చికిలా పోతే దాని చుట్టలోని గుడ్లూ దిక్కులేనివవుతాయి. శేషాచారి గర్భవతిగా ఉండగా పోతే పుట్టబోయే పిల్లలూ దానితోనే పోతాయి. పొలం దున్నేటప్పుడు, అడవి నరికి కాల్చేటప్పుడు ఏ నెలలో ఏ మట్టిని కదపకూడదో తెలియాలంటే, ముందు ఆ ప్రాణి గుడ్డు పెడుతుందో బిడ్డను కంటుందో తెలియాలి. ప్రశ్న చిన్నదే. దాని జవాబు మీద ఒక జాతి మనుగడ ఆధారపడి ఉంది.