వెండినీళ్లు తాగి... నీలంగా మారాడు!

పాపాయికి అన్నప్రాశనంటే వెండిగిన్నె ఉండాల్సిందే. అంబర్‌పేటలో తాతయ్య తాగే వెండిగ్లాసు మొదలు చార్మినార్ దగ్గర సుత్తులతో కొట్టే వరఖు దాకా వెండి మనకు దగ్గర చుట్టమే. అలాంటి వెండిని నీళ్లలోకి దించి ఏళ్ల తరబడి తాగితే?

అమెరికాకు చెందిన పాల్ కారాసన్ చేసిందదే. ఎర్రజుట్టు, తెల్లటి ఒళ్లున్న ఆయన 2008లో టీవీలో కనిపించేసరికి ముఖం బూడిదనీలం! 'పాపా స్మర్ఫ్' అంటూ కార్టూన్ బొమ్మ పేరుతోనే పిలిచేవారంతా. ముఖంమీది చర్మవ్యాధి తగ్గుతుందని సొంతంగా తయారుచేసుకున్న వెండినీళ్లను తాగాడు, పూసుకున్నాడు కూడా.

తయారీకి పెద్ద చదువులేం అక్కర్లేదు. రెండు వెండి తీగలు, డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలు... మన కోఠీలో దొరకనివేమీ కావు. చిక్కంతా అక్కడే. నీళ్లలోకి ఎంత వెండి దిగిందో కొలిచే సాధనం వంటింట్లో ఉండదుగా!

ఒంట్లోకి చేరిన వెండిలో కొంత చర్మం కింద పేరుకుంటుంది. ఎండ తగిలితే నల్లబడుతుంది... పాతకాలం ఫొటో ఫిల్ములో జరిగే తంతే ఇదీ. అందుకే ముఖం, చేతులమీద రంగు ఎక్కువ. దీన్ని వైద్యులు 'ఆర్జీరియా' అంటారు. వెండినీళ్లు మానేసినా రంగు పోదు. లేజరుతో కొందరికి కాస్త తగ్గుతుందంతే.

మోంటానాకు చెందిన స్టాన్ జోన్స్‌దీ ఇదే కథ. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయించి యాంటీబయాటిక్స్ దొరకవేమోనన్న భయంతో 1999లో మొదలెట్టాడు. 2002లో సెనేట్‌కు పోటీచేసే నాటికి నీలంగా మారిపోయాడు. కంప్యూటర్లకు మాత్రం పెద్దగా ఏమీ కాలేదు!

వెండికి సూక్ష్మక్రిముల్ని చంపే గుణం ఉన్నమాట నిజమే. కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ మందు అలాంటిదే. కానీ అది పైపూత. తాగే వెండినీళ్లు ఏ జబ్బుకూ పనిచేస్తాయనీ, సురక్షితమనీ చెప్పడానికి ఆధారాల్లేవని అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. అయినా కొవిడ్‌కు మందంటూ అమ్మేవాళ్లు బయల్దేరితే 2020 మార్చిలో మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది. ఇంకో సంగతి, థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ ఒంటికి పట్టకుండా కూడా ఈ నీళ్లు అడ్డుపడొచ్చు.

కారాసన్ 2013లో చనిపోయాడు, 62 ఏళ్లకి. అప్పటికీ ఆ నీలం వదల్లేదు.

మరి తాతయ్య వెండిగ్లాసు సంగతో? దానికేం ఢోకా లేదు. గడ్డ వెండి మంచినీళ్లలో దాదాపు కరగదు.