విద్యుదయస్కాంత తరంగములు – వాని శక్తి

పొద్దు పొడిచినంతనే పొలము వేడెక్కును. పైరు ఆహారమును తయారుచేసికొనును. సూర్యునికిని మనకును నడుమ సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరము కలదు. అందు దాదాపు అంతయు శూన్యమే. ఆ శూన్యమును దాటి శక్తిని మోసికొని వచ్చునవి విద్యుదయస్కాంత తరంగములు.

చెరువులో రాయి వేసినచో నీరు కదలి అలలు బయలుదేరును. ఈ తరంగములకు నీరుగాని గాలిగాని అక్కరలేదు. మారుచున్న విద్యుత్ క్షేత్రము అయస్కాంత క్షేత్రమును, అది మరల విద్యుత్ క్షేత్రమును పుట్టించుచు ముందునకు సాగును. శూన్యములో వీని వేగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ 1865లో ఈ సిద్ధాంతమును ప్రకటించెను. 1887-88లో హైన్రిక్ హెర్ట్జ్ ప్రయోగములచే నిరూపించెను.

రేడియో తరంగములు, వెలుగు, ఎక్స్ కిరణములు అన్నియు ఒక్క జాతివే. భేదము అల పొడవులో నున్నది. ఆకాశవాణి విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ ప్రసారమునకు అల పొడవు సుమారు 358 మీటర్లు. ఆకుపచ్చని వెలుగునకు అది మిల్లీమీటరులో ఇంచుమించు రెండువేలవ వంతు.

తరంగశక్తి చిన్నచిన్న మూటలుగా పదార్థమునకు చేరును. ఈ మూటలకు క్వాంటములని పేరు. 1900లో మాక్స్ ప్లాంక్ ఈ భావమునకు పునాది వేసెను. అల పొట్టిదైన కొలది మూట బలమైనది. ఆకుపచ్చని వెలుగు మూట, 900 మెగాహెర్ట్జ్ సెల్‌ఫోను తరంగపు మూటకంటె సుమారు 6 లక్షల రెట్లు బలమైనది. పిడికెడు ఇసుకను ఎన్ని మారులు చల్లినను కుండ పగులదు. ఒక్క రాయి తగిలినచో పగులును. అట్లే సెల్‌ఫోను తరంగపు మూట శరీరములోని అణువులను విడగొట్టజాలదు. తరంగములు మిక్కిలి తీవ్రమైనచో వేడి పుట్టించును. అందుకే టవర్ల తరంగతీవ్రతకు ప్రభుత్వము పరిమితి విధించినది. 2012లో దానిని మరింత తగ్గించినది.

అతినీలలోహిత కిరణముల మూటలు అట్టివి కావు. అవి అణుబంధములను తెంచగలవు. ఎండలో నెక్కువగా నుండుటచే ఏండ్ల తరబడి ఈ కిరణములు సోకినచో కంటిలో శుక్లము ఏర్పడు ప్రమాదము హెచ్చును. వెల్డింగు వెలుగులోను ఇవి మెండుగా నుండును. అద్దము లేక చూచినవారి కన్నులు కొన్ని గంటలకు ఎఱ్ఱబడి, ఇసుక పడినట్లు మండును.

కావున టవరును చూచి భయపడుటకంటె, వెల్డింగు దుకాణముకడ నిలిచి చూచు పిల్లలను దూరముగా పంపుట మేలు. పనివారు తగిన ముసుగు తప్పక ధరింపవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో పొలమునకు పోవువారు తలపాగయో, వెడల్పు అంచు టోపీయో ధరించి కన్నులకు నీడ కల్పించుకొనవలెను.