నుదుటి మీద గీత ఎక్కడ గీస్తారు? హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు చూసుకోవాల్సిన లెక్క

ఈపూరులో మా ఖాలా కొడుకుకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో రిష్తాలు చూస్తున్నారు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోందని రెండేళ్లుగా వాడికి ఒకటే దిగులు. మొన్న ఫోన్ చేసి "భాయ్, ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటా. మిర్చి డబ్బులు రాగానే ఇస్తానని అబ్బా అన్నారు" అన్నాడు. ఒక క్లినిక్‌లో వాడి నుదుటి మీద పెన్నుతో గీత గీసి తీసిన ఫొటో కూడా పంపాడు. కనుబొమల పైన మూడు వేళ్ల ఎత్తులో, ఈ కణత నుంచి ఆ కణత దాకా స్కేలు పెట్టి కొట్టినట్టు ఉంది ఆ గీత. 3,500 గ్రాఫ్టులు పడతాయన్నారట.

నేను డాక్టర్ని కాదు, బీకాం చదివినవాణ్ణి. కానీ ఆ గీత చూశాక ఊరుకోలేక ఈ విషయం గురించి కొంచెం లోతుగా చదివాను. అర్థమైంది ఏమిటంటే, ఈ ఆపరేషన్‌లో బాగా కుదిరిందా, బొమ్మకు అతికించినట్టుందా అనేది సగం ఆ పెన్ను గీత దగ్గరే తేలిపోతుంది.

ముందు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. బట్టతల వచ్చిన మగవాళ్లకు కూడా తల వెనక, చెవుల పైన జుట్టు మిగులుతుంది. అక్కడి వెంట్రుకను కుదుళ్లతో తీసి ముందు నాటితే, అది తన వెనకటి గుణంతోనే పెరుగుతుంది, రాలదు. న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించిన వ్యాసంతో ఈ సంగతి స్థిరపడింది. ఆ రోజుల్లో 4 మిల్లీమీటర్ల ముక్కలు తీసి నాటేవారు. ఒక్కో ముక్కలో చాలా వెంట్రుకలు ఉండేవి. దూరం నుంచి చూస్తే ప్లాస్టిక్ బొమ్మ తలలాగా కుచ్చులు కుచ్చులుగా కనిపించేది. తర్వాత వెంట్రుకలు పుట్టుకతోనే ఒకటి, రెండు, మూడు, నాలుగుగా గుంపులు కట్టి ఉంటాయని గమనించి, ఆ గుంపును అలాగే తీసి నాటడం మొదలుపెట్టారు. గ్రాఫ్ట్ అంటే ఆ గుంపే.

ఇప్పుడు గీత సంగతి. అద్దంలో మీ నుదురు చూసుకోండి. జుట్టు మొదలయ్యే చోట అసలు గీతే ఉండదు. ముందు అక్కడక్కడా సన్నటి ఒంటి వెంట్రుకలు, వాటి వెనక కొంచెం ఒత్తు, ఇంకా వెనక అసలు జుట్టు. అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, రెండు పక్కలూ అచ్చం ఒకేలా ఉండవు. అందుకే తెలిసిన సర్జన్లు ముందు రెండు మూడు వరసల్లో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులే, అదీ వంకరటింకరగా నాటుతారు. రెండు, మూడు వెంట్రుకలవి వెనక్కి వెళ్తాయి. మూడు వెంట్రుకల గ్రాఫ్ట్ ముందు వరసలో పడితే పళ్ల దువ్వెనలా కనిపిస్తుంది. వాలు కూడా ముఖ్యమే. నుదుటి అంచున వెంట్రుక నిటారుగా నిలబడదు, చర్మానికి బాగా వంగి ముందుకు వస్తుంది. కణతల దగ్గర కిందికి తిరుగుతుంది. నిటారుగా నాటితే ఎంత దువ్వినా లేచే ఉంటుంది.

ఎత్తు విషయంలో మామూలుగా చెప్పే కొలత, కనుబొమల మధ్య నుంచి పైకి 7 నుంచి 10 సెంటీమీటర్లు. ముఖాన్ని బట్టి కాస్త మారుతుంది. పక్క మూలలు కంటి బయటి కొసకు తిన్నగా పైన వస్తాయి. ఆ మూలల్లో కొంచెం లోతు వదలాలి, మగవాడి నుదురుకు అదే అందం. మూలలు పూడ్చేస్తే ఆడవాళ్ల గుండ్రటి నుదురులా అవుతుంది.

మావాడి గీత వీటన్నిటికీ ఎదురు. వాడికి పదహారేళ్లప్పటి నుదురు కావాలి. అసలు చాలామంది మగపిల్లలకు పదిహేడు నుంచి ముప్పై లోపు నుదురు ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి జరగడం మామూలే, అది బట్టతల కాదు.

ఇక్కడ నా బీకాం పనికొచ్చింది. తల వెనక నుంచి జీవితం మొత్తానికి సురక్షితంగా తీయగలిగేది సుమారు 5 వేల నుంచి 6 వేల గ్రాఫ్టులు, కొందరికి ఇంకా తక్కువ. వడ్డీ రాని డిపాజిట్ అనుకోండి, తీసింది తిరిగి చేరదు. గీతను 2 సెంటీమీటర్లు కిందికి దించితే, 12 సెంటీమీటర్ల వెడల్పుకు 24 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 40 చొప్పున దాదాపు వెయ్యి గ్రాఫ్టులు. అంటే ఐదోవంతు డిపాజిట్ ఆ రెండు సెంటీమీటర్లకే ఖర్చు. ఆపరేషన్ తర్వాత కూడా పాత జుట్టు రాలడం ఆగదు. 35 ఏళ్లకు నడినెత్తి పలచబడితే నాటడానికి సరుకు మిగలదు. ముందు ఒక పట్టీ, వెనక ఖాళీ. ఇరవైల్లో ఉన్నవాళ్లను మంచి డాక్టర్లు ముందు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ లాంటి మందులతో కొంతకాలం చూద్దామనేది అందుకే. అవి కూడా డాక్టరు రాస్తేనే వాడాలి.

చేసేది ఎవరన్నది ఇంకో ప్రశ్న. జాతీయ వైద్య కమిషన్ 2022లో, యూట్యూబ్ చూసి నేర్చుకోవడం శిక్షణ కాదని, ప్లాస్టిక్ సర్జరీ, డెర్మటాలజీ లాంటి వాటిలో సరైన శిక్షణ ఉన్న డాక్టర్లే ఈ పని చేయాలని చెప్పింది. ఆ కాగితంలో ఆర్ఎంపీ అని కనిపిస్తే రిజిస్టర్ అయిన డాక్టరని అర్థం. మన ఊళ్లలో ఆర్ఎంపీ అంటే వేరే, కంగారు పడొద్దు. 2025లో కాన్పూర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఒక ఇంజనీరు చనిపోతే, చేసినామె దంతవైద్యురాలని వార్తలొచ్చాయి. కాబట్టి గీత గీసేది, మత్తు ఇచ్చేది, రంధ్రాలు చేసేది ఎవరో పేరు, డిగ్రీతో సహా అడగండి. "మా టీమ్ చూసుకుంటుంది" అంటే లేచి వచ్చేయండి.

మన ఇళ్లలో వచ్చే ఇంకో సందేహం, ఇది జాయిజేనా అని. వేరేవాళ్ల జుట్టు అతికించుకోవడం మీద హదీసుల్లో గట్టి హెచ్చరిక ఉంది. సొంత జుట్టును ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటడం అది కాదని చాలామంది ఉలమా చెబుతారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2007లో పుత్రజయలో చేసిన తీర్మానంలో, రాలిన జుట్టుకు నాటడాన్ని లోపం సరిచేసే చికిత్సల్లో చేర్చింది. మీ ఆలిం సాబ్‌ను కూడా అడగండి. అడిగేటప్పుడు ఇవి కూడా అడగండి: మొదటి వారం, పది రోజులు నాటిన చోట చెయ్యి తగలకూడదు, అప్పుడు వుజూలో మసహ్ ఎలా? కొన్నాళ్లు తల కిందికి వంచొద్దంటారు, మరి సజ్దా ఎలా? టోపీ ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చన్నది మాత్రం డాక్టరునే అడగాలి.

ఉమ్రాకు వెళ్లే ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పాలి. వెనక నుంచి చర్మం పట్టీలా కోసి తీసే పద్ధతిలో అడ్డంగా మచ్చ పడుతుంది, గుండు చేయించుకుంటే కనిపిస్తుంది. ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈలో చిన్న తెల్ల చుక్కలు మిగులుతాయి.

నిఖా తారీఖు పెట్టుకుని పరుగెత్తేవాళ్లకు ఒక మాట. నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లో చాలావరకు రాలిపోతాయి, భయపడక్కర్లేదు. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి, పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది. రెండు నెలల్లో పెళ్లి ఉన్నవాడు చేయించుకుంటే నిఖా ఫొటోలో ముందుకంటే పలచగా కనిపించే అవకాశమే ఎక్కువ.

ఇదంతా మావాడికి ఫోన్లో చెప్పాను. కాసేపు అలిగాడు. తర్వాత గుంటూరులో ఒక చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాడు, ఆయన మందులు రాసి ఏడాది తర్వాత రమ్మన్నారట. మిర్చి డబ్బులు ఇంకా ఖాలూ దగ్గరే ఉన్నాయి.