జర్మన్ నేర్చుకోవడానికి మన తెలుగే అండ



"మా అబ్బాయి ఫోన్‌లో జర్మన్ నేర్చుకుంటున్నాడు. ఇంట్లో తెలుగు తగ్గించాలా?" ఈ సందేహం మీకూ వచ్చి ఉండవచ్చు. తగ్గించనక్కర్లేదు. ఆ తెలుగే వాడికి ఆసరా.

మార్కాపురం, గిద్దలూరు నుంచి హైదరాబాద్‌లోని గోథే సెంట్రుమ్ దాకా వెళ్లి చదవడం అందరికీ కుదరదు. అందుకే చాలామందికి ఫోనే తొలి గురువు. డాయిష్ వెల్లె సంస్థ ‘నీకోస్ వేగ్’ వీడియో పాఠాలను ఎ1 నుంచి బి1 స్థాయి వరకు ఉచితంగా అందిస్తోంది.

అయితే చాలా యాప్‌లు జర్మన్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్పుతాయి. దాంతో పిల్లలు తమకు ముందే తెలిసిన దాన్ని వాడుకోవడం మరిచిపోతారు.

నువ్వు, మీరు: ఇంగ్లీషులో అందరికీ ‘యు’ ఒక్కటే. జర్మన్‌లో స్నేహితులను ‘దు’ అని, కొత్తవారిని ‘జీ’ అని పిలుస్తారు. ఈ తేడా మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఇంట్లో తాతయ్యను కూడా ‘దు’ అనే అంటారు.

వాక్యం చివర క్రియ: ‘వైల్ ఇష్ తెలుగు ష్ప్రెహె’ అంటే ‘ఎందుకంటే నేను తెలుగు మాట్లాడతాను’. మాటకు మాట అదే వరుస! ఇంగ్లీషులో అయితే క్రియ మధ్యలోకి వస్తుంది.

గోథే ఎ1 పరీక్షలో మాట్లాడే భాగం స్వీయ పరిచయంతోనే మొదలవుతుంది. పేరు, వయసు, దేశం, ఉండే ఊరు, వచ్చిన భాషలు, హాబీ చెప్పాలి. యాప్‌లోని బెర్లిన్ వాక్యాలు బట్టీ పడితే ఇక్కడ సరిపోదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• రోజుకు 20 నిమిషాలు చాలు. యాప్‌లో వచ్చే పాయింట్లను భాషాస్థాయిగా లెక్కించకండి.

• ఆ రోజు నేర్చుకున్న ఒక వాక్యాన్ని మీకు తెలుగులో వివరించమనండి. మీకు జర్మన్ రానక్కర్లేదు.

• వారానికోసారి తన గురించి ఐదు వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేయించండి. మార్కాపురం పలకలో, కంభం చెరువో అందులో ఉండనివ్వండి.

• ముందు సొంతంగా రాయనిచ్చి, ఆ తర్వాతే అనువాద యాప్‌తో సరిచూసుకోమనండి.

"నీకు ఏయే భాషలు వచ్చు?" అని పరీక్షకులు అడిగితే, మన పిల్లలు తడుముకోకుండా చెప్పే మొదటి పేరు తెలుగు కావాలి.